పొరుగు పట్టికలో అపరిచితులు: చిరునామా పరిష్కరణ పద్ధతి - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
లినక్స్ సర్వర్‌లోని చిరునామా పట్టికలో అప్పుడప్పుడు ఊహించని నమోదులు కనిపిస్తాయి. వాటిని యంత్రదోషాలుగానో దాడులుగానో భావించడం పరిపాటి. 1980-2005 మధ్య ఇంటర్నెట్ నిర్మాతలు తీసుకున్న కొన్ని నిర్ణయాల జాడలుగా వాటిని చదవవచ్చునని, అలా చదివినప్పుడే దోషనిర్ధారణ సక్రమంగా జరుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏఆర్‌పీ ఆవిర్భావం, ప్రాక్సీ ఏఆర్‌పీ, లినక్స్ కెర్నల్ అనుసరించిన విధానం, విశ్వాస సమస్య ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: ఏఆర్‌పీ, ఐపీ అడ్రస్, మాక్ అడ్రస్, లినక్స్, ప్రాక్సీ ఏఆర్‌పీ, సాంకేతిక చరిత్ర, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:

తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలు, పాత పత్రికల సంచికలు, నిఘంటువులు నేడు పరిశోధకునికి అందుతున్నది ఎక్కువగా సర్వర్ల ద్వారానే. పుట తెరుచుకోకపోతే "సర్వర్ డౌన్" అనుకుని ఊరుకుంటాం. ఆ సమయంలో అవతల నిర్వాహకుడు తెరిచి చూసే పట్టికల్లో ఒకటి ఏఆర్‌పీ పట్టిక. తనతో ఒకే స్థానిక నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాల ఐపీ అడ్రసులకు ఎదురుగా వాటి మాక్ అడ్రసులను సర్వర్ అందులో రాసుకుంటుంది. లినక్స్ కెర్నల్ దీనిని పొరుగు పట్టిక అంటుంది. ఇరుగుపొరుగు అన్న మనమాటకు ఇంత దగ్గరగా వచ్చిన సాంకేతిక పదం మరొకటి లేదేమో.

ఈ పట్టికలో పొరుగువారే ఉండాలి. కానీ ఖండాంతరాల్లోని యంత్రాల అడ్రసులు, ఎవరూ కేటాయించని 169.254తో మొదలయ్యే అడ్రసులు, అన్నీ సున్నాలే ఉన్న మాక్ అడ్రసులు, ఒకే మాక్ అడ్రస్‌ను పంచుకునే పదుల కొద్దీ ఐపీ అడ్రసులు కూడా అందులో కనిపిస్తుంటాయి. ప్రాచీన ప్రతుల్లో అర్థంకాని పాఠం ఎదురైతే లేఖకప్రమాదమని కొట్టివేయడం తేలిక. ఆ పాఠం అక్కడికి ఏ దారిన వచ్చిందో తెలుసుకున్న తరువాతే దాన్ని ఉంచాలో తీసివేయాలో నిర్ణయించే బాధ్యత పరిష్కర్తది. ఈ పద్ధతి పేరులోని ఆంగ్ల పదానికి 'పరిష్కరణ' అనే తెలుగు మాట సరిపోవడం యాదృచ్ఛికమే అయినా ఈ చర్చకు ఉపకరిస్తుంది.

2. రెండు చిరునామాలు ఎందుకు?

జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్ 1973 మే నెలలో ఈథర్‌నెట్ ఆలోచనను ఒక అంతర్గత పత్రంగా రాశాడు. ఆ ప్రయోగదశలో యంత్రం అడ్రస్ 8 బిట్లు మాత్రమే. ఆ చిన్న సంఖ్యనే పై స్థాయి ప్రోటోకాల్ కూడా వాడుకునేది కాబట్టి ఒక అడ్రస్ నుండి మరొక అడ్రస్‌ను కనుగొనే అవసరం రాలేదు.

1980 సెప్టెంబరులో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన ఈథర్‌నెట్ ప్రమాణంలో అడ్రస్ 48 బిట్లకు పెరిగింది. దీనికి సైద్ధాంతిక సమర్థనను 1981లో ఒక పరిశోధన పత్రంగా రాసినవారు యోగేన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్. బొంబాయి ఐఐటీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసిన దలాల్ 1974 నాటి తొలి టీసీపీ నిర్దేశపత్రానికి కూడా సహరచయిత. యంత్రం ఎక్కడికి తరలినా దాని సంఖ్య మారకూడదు, ప్రపంచంలో మరే యంత్రానికీ ఆ సంఖ్య ఉండకూడదు అన్నది వారి వాదం. మన పదవ తరగతి ధ్రువపత్రాల్లో పుట్టుమచ్చలు నమోదు చేసినట్లు, కర్మాగారంలోనే యంత్రానికి ఒక ఆనవాలు పడుతుంది. (ఈ పుట్టుమచ్చను సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు. ఆ సంగతి తరువాత.)

ఐపీ అడ్రస్ దీనికి భిన్నమైంది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 దానికి 32 బిట్లు నిర్ణయించింది. అది తపాలా చిరునామా వంటిది. యంత్రం ఏ నెట్‌వర్క్‌లో ఉందో చెబుతుంది, నెట్‌వర్క్ మారితే తానూ మారుతుంది. 32 బిట్లతో సుమారు 429 కోట్ల సంఖ్యలు, 48 బిట్లతో సుమారు 281 లక్షల కోట్ల సంఖ్యలు సాధ్యమవుతాయి. పెద్దది చిన్నదాంట్లో ఇమడదు. జిరాక్స్ తన సొంత ప్రోటోకాళ్లలో 48 బిట్ల సంఖ్యనే నేరుగా పై స్థాయిలోనూ వాడి ఈ చిక్కును తప్పించుకుంది. డిజిటల్ సంస్థ తన డెక్‌నెట్ నాలుగో దశలో మరో దారి తొక్కింది. నెట్‌వర్క్ అడ్రస్‌ను బట్టి మాక్ అడ్రస్‌నే మార్చివేసింది. రెండు సందర్భాల్లోనూ పట్టికతో పనిలేదు. ఐపీకి ఈ రెండు మార్గాలూ మూసుకుపోయాయి కాబట్టే పట్టిక పుట్టింది.

3. అడిగినవారిని ముందు రాసుకో:

1982 నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 826 రచయిత డేవిడ్ ప్లమర్. ఆయన మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందినవాడు. అక్కడ ఒకే తీగ మీద ఐపీతో పాటు కేయాస్‌నెట్ వంటి ఇతర ప్రోటోకాళ్లూ నడిచేవి. అందుకే ఈ పద్ధతిని ఆయన ఐపీకి మాత్రమే పరిమితం చేయలేదు. ఏ హార్డ్‌వేర్, ఏ ప్రోటోకాల్, వాటి అడ్రసుల పొడవు ఎంత అన్నవన్నీ సందేశంలోనే చెప్పే ఏర్పాటు చేశాడు. ఐపీ, ఈథర్‌నెట్‌ల జంటకు ఆ సందేశం 28 బైట్లు.

పద్ధతి సరళమైనది. "ఈ ఐపీ అడ్రస్ ఎవరిది?" అని ఒక యంత్రం తీగ మీద ఉన్న అందరికీ వినపడేలా అడుగుతుంది. ఆ అడ్రస్ గలది మాత్రమే తన మాక్ అడ్రస్‌తో జవాబిస్తుంది. ప్రతి యంత్రమూ తన వివరాలను కాలానుగుణంగా ప్రకటిస్తూ ఉండవచ్చు కదా అన్న ప్రత్యామ్నాయాన్ని ప్లమర్ ఆలోచించి తిరస్కరించాడు. నూరు యంత్రాలు పది నిమిషాలకొకసారి ప్రకటించుకున్నా ఆరు సెకన్లకొక సందేశం వెలువడుతుందని ఆయన లెక్క. నేటి దృష్టికి ఆరు సెకన్లకొక చిన్న సందేశం లెక్కలోనిది కాదు. ఆనాడు ఒకే తీగను అందరూ పంచుకున్నారు. ప్రతి ప్రకటననూ ప్రతి యంత్రమూ ఆగి చదవాలి. అనవసరంగా మాట్లాడకపోవడం మర్యాద అన్న కాలమది.

ఈ పత్రంలో చరిత్రకారుని దృష్టి నిలవవలసిన చోటు మరొకటుంది. సందేశం అందిన యంత్రం ఏ వరుసలో పని చేయాలో ప్లమర్ వివరించాడు. పంపినవారి ఐపీ అడ్రస్ ఇప్పటికే పట్టికలో ఉంటే దాని ఎదుట కొత్త మాక్ అడ్రస్‌ను రాయాలి. తరువాత, సందేశం తనకు ఉద్దేశించిందో కాదో చూడాలి. తనదే అయి, పంపినవారు పట్టికలో లేకపోతే కొత్తగా చేర్చాలి. ఇది ప్రశ్నా, జవాబా అన్నది చూడవలసింది ఆ తరువాతే. ప్రశ్న అడిగినవాడితో జవాబిచ్చేవాడికి కూడా త్వరలో పని పడుతుంది, వాడి వివరాలు ముందే రాసుకుంటే మరో ప్రశ్న తప్పుతుంది అన్నది దీనివెనుక తర్కం.

"నా సర్వర్ ఎన్నడూ సంప్రదించని యంత్రం నా పట్టికలోకి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. సర్వర్ అడగలేదు, ఆ యంత్రమే సర్వర్‌ను అడిగింది. లినక్స్ నేటికీ తనను ఉద్దేశించిన ప్రశ్న రాగానే అడిగినవారిని నమోదు చేసుకుంటుంది. ఎవరూ అడగకుండా వచ్చిన జవాబుల ఆధారంగా మాత్రం మామూలు అమరికలో కొత్త నమోదు చేయదు. ఉన్న నమోదును మాత్రం దిద్దుకుంటుంది. చేర్చడానికి, దిద్దడానికి మధ్య ఉన్న ఈ భేదం చివరి భాగంలో మళ్లీ అవసరమవుతుంది.

4. ప్రపంచమంతా పొరుగే:

అన్నింటిలోనూ ఎక్కువ కలవరపెట్టే నమోదులు దూరదేశపు అడ్రసులవి. రౌటర్ అవతలి యంత్రానికి పంపేటప్పుడు సర్వర్‌కు కావలసింది రౌటర్ మాక్ అడ్రస్ ఒక్కటే. గమ్యస్థానపు ఐపీ అడ్రస్ పొరుగు పట్టికలోకి రానే రాకూడదు. అటువంటిది, వందలాది బయటి అడ్రసులు, వాటన్నింటి ఎదుటా ఒకే మాక్ అడ్రస్ కనిపిస్తే ఎవరో సర్వర్ రాకపోకలన్నింటినీ తనవైపు తిప్పుకుంటున్నారన్న అనుమానం సహజం.

దీని మూలం 1980ల మధ్యలో ఉంది. విశ్వవిద్యాలయాల్లో ఒక నెట్‌వర్క్ పలు భవనాలకు విస్తరించి, దానిని ఉపనెట్‌వర్కులుగా విభజించవలసి వచ్చింది. విభజన పద్ధతిని 1985 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 950 ప్రమాణీకరించింది. కానీ అప్పటికే వాడుకలో ఉన్న అనేక యంత్రాల సాఫ్ట్‌వేర్‌కు ఉపనెట్‌వర్క్ అన్న భావనే తెలియదు. అవి విశ్వవిద్యాలయంలోని ప్రతి యంత్రాన్నీ తమ తీగ మీదే ఉన్నట్టు భావించి, "ఇది ఎవరిది?" అని కేకవేసేవి. అవతలి తీగ మీది యంత్రానికి ఆ కేక వినపడదు. మధ్యనున్న గేట్‌వే అవతలి యంత్రం తరఫున తన మాక్ అడ్రస్‌ను జవాబుగా ఇస్తే సరిపోతుందన్న ఉపాయాన్ని జాన్ పోస్టెల్ 1984లో ఆర్‌ఎఫ్‌సీ 925లో చర్చించాడు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ అనుభవంతో స్మూట్ కార్ల్-మిచెల్, జాన్ క్వార్టర్‌మన్ 1987 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1027గా దానిని వివరించారు. ప్రాక్సీ ఏఆర్‌పీ అన్న పేరుతో ఇది ప్రసిద్ధమైంది. పాత యంత్రాలను మార్చలేని పరిస్థితిలో వాటి అజ్ఞానాన్ని భరించడానికి చేసిన ఏర్పాటు ఇది. ఆ యంత్రాలు పోయాయి, ఏర్పాటు మిగిలింది. సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ ఎవరూ అడగకుండానే పనిచేసే స్థితిలో ఉండటం దీనికి ఉదాహరణ.

ఇక లినక్స్ సర్వర్ దగ్గరకు వద్దాం. బయటి ప్రపంచానికి దారి చూపే డిఫాల్ట్ రూట్‌లో రెండు అంశాలుండాలి: ఏ ఇంటర్‌ఫేస్ గుండా వెళ్లాలి, ఏ గేట్‌వే అడ్రస్‌కు అప్పగించాలి. గేట్‌వే అడ్రస్ రాయడం మరచి ఇంటర్‌ఫేస్ పేరు మాత్రమే రాస్తే కెర్నల్ దానిని దోషంగా పరిగణించదు. గేట్‌వే లేదంటే గమ్యం నేరుగా ఆ తీగ మీదే ఉందని అర్థం చేసుకుంటుంది. అప్పటినుండి దానికి ప్రపంచంలోని ప్రతి యంత్రమూ పొరుగే. ప్రతి కొత్త గమ్యానికీ ఒక కేక వేస్తుంది. రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ లేకపోతే జవాబు రాదు, బయటికి ఏదీ పనిచేయదు, తప్పు వెంటనే బయటపడుతుంది. ఉంటే మాత్రం రౌటర్ ప్రతి కేకకూ "నేనే" అంటుంది. అంతా సవ్యంగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. 1987 నాటి ఔదార్యం నేటి అమరిక దోషాన్ని కప్పిపుచ్చుతుందన్నమాట.

ఎంతకాలం? పట్టిక నిండేవరకు. లినక్స్ పొరుగు పట్టికకు మూడు పరిమితులున్నాయి. వాటి సహజ విలువలు 128, 512, 1024. నమోదులు 128కి లోపు ఉన్నంతవరకు కెర్నల్ పాతవాటిని ఏరివేసే పనే పెట్టుకోదు. 512 దాటితే కొద్ది సెకన్లలో ఏరివేత మొదలుపెడుతుంది. 1024 చేరి, తీసివేయదగినవి దొరకకపోతే కొత్త నమోదుకు చోటుండదు. కెర్నల్ చిట్టాలో పొరుగు పట్టిక పొంగిందన్న హెచ్చరిక పడుతుంది. ఆ క్షణంలో కొత్తగా వచ్చే పాఠకునికి సర్వర్ జవాబు పంపలేదు. ఇప్పటికే పట్టికలో ఉన్నవారికి మాత్రం అంతా బాగానే ఉంటుంది. రద్దీ తక్కువగా ఉన్న నెలల్లో ఏ ఇబ్బందీ ఉండదు. పరీక్ష ఫలితాలు, ప్రవేశ ప్రకటనలు వెలువడిన రోజున కొందరికి పుట తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు. ఇటువంటి పాక్షిక వైఫల్యానికి కారణం పట్టుకోవడం పూర్తి వైఫల్యం కన్నా కష్టం.

ఇక్కడ తరచుగా సూచించే చికిత్స మూడు పరిమితులనూ పెంచడం. వేలాది యంత్రాలు నిజంగానే ఒకే తీగను పంచుకునే చోట అది సరైనదే. పైన చెప్పిన సందర్భంలో మాత్రం అది పుస్తకంలోని తప్పును దిద్దకుండా తప్పొప్పుల పట్టికను పొడిగించడం వంటిది. దూరపు అడ్రస్ ఒకదానికి దారి ఏదో 'ఐపీ రూట్ గెట్' ఆదేశంతో సర్వర్‌నే అడిగితే, జవాబులో గేట్‌వే ప్రస్తావన ఉందో లేదో తెలిసిపోతుంది. లేకపోతే రూట్‌ను సరిదిద్దాలి. పట్టికలోని అపరిచితులు ప్రపంచం నలుమూలలకూ చెందినవారు కాక, సర్వర్ అడ్రస్‌లాగే ఒకే అంకెతో మొదలయ్యేవారైతే అనుమానించవలసింది రూట్‌ను కాదు, నెట్‌మాస్క్‌ను. 24 బిట్లు రాయవలసిన చోట 8 రాస్తే పొరుగు అంతమేరకు విస్తరిస్తుంది.

169.254తో మొదలయ్యే నమోదులదీ కొంతవరకు ఇదే కథ. అడ్రస్ ఇచ్చేవారు ఎవరూ లేనప్పుడు యంత్రాలు తమకు తామే ఎంచుకునేందుకు కేటాయించిన శ్రేణి అది. 2005 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 3927 దానిని ప్రమాణీకరించింది. తరువాత అమెజాన్ తదితర క్లౌడ్ సేవలు 169.254.169.254 అన్న అడ్రస్‌ను తమ యంత్రాలకు సమాచారం అందించే కిటికీగా వాడుకున్నాయి. క్లౌడ్ కోసం తయారైన లినక్స్‌ను కళాశాల గదిలోని మామూలు యంత్రంలో నెలకొల్పితే, అందులోని ప్రారంభ ప్రోగ్రాం లేని కిటికీ కోసం తలుపుతట్టవచ్చు. ఆ శ్రేణికి స్థానిక రూట్ కూడా ఉంటే పట్టికలో జవాబులేని నమోదు ఒకటి మిగులుతుంది.

5. ఒక ఇల్లు, రెండు గుమ్మాలు:

1989 అక్టోబరులో రాబర్ట్ బ్రేడన్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 ఇంటర్నెట్ యంత్రాల ప్రవర్తనా నియమావళి. కాలం చెల్లిన నమోదులను తొలగించే ఏర్పాటు ప్రతి యంత్రంలోనూ తప్పక ఉండాలని శాసించింది అదే. ప్లమర్ ఆ అంశాన్ని ప్రస్తావించి, అమలు చేసేవారికి వదిలేశాడు. ఈ పత్రం కూడా ఒక విషయాన్ని తేల్చకుండా వదిలింది. రెండు ఇంటర్‌ఫేసులున్న యంత్రంలో ఐపీ అడ్రస్ ఎవరి సొత్తు? ఆ ఇంటర్‌ఫేస్‌దా, మొత్తం యంత్రానిదా? రెండు నమూనాలనూ వివరించి రెండింటికీ చోటిచ్చింది.

లినక్స్ రెండోదాన్ని ఎంచుకుంది. అడ్రస్ ఇంటిది, గుమ్మానిది కాదు. ఒకే తీగకు రెండు ఇంటర్‌ఫేసులు తగిలించిన లినక్స్ సర్వర్‌ను మొదటి అడ్రస్ గురించి అడిగితే రెండో ఇంటర్‌ఫేస్ కూడా జవాబిస్తుంది. ఎవరి జవాబు చివర అందితే అది అడిగినవారి పట్టికలో నిలవవచ్చు. ఆ నమోదు పూటకొక మాక్ అడ్రస్ చూపుతుంది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో తయారైన 'ఏఆర్‌పీవాచ్' ప్రోగ్రాం ఇటువంటి మార్పును పసిగట్టి లేఖ పంపుతుంది. లేఖ అందుకున్న నిర్వాహకునికి మొదట తోచేది దొంగే.

ఈ ఎంపిక అసలు సంకటం తెచ్చింది లినక్స్ వర్చువల్ సర్వర్ ప్రాజెక్టుకు. 1998లో వెన్‌సాంగ్ జాంగ్ ప్రారంభించిన ఈ పద్ధతిలో అనేక సర్వర్లు ఒకే అడ్రస్‌ను ధరిస్తాయి, పని పంచే యంత్రం మాత్రమే ఆ అడ్రస్‌కు పలకాలి. లినక్స్ స్వభావం వల్ల అందరూ పలికారు. చాలాకాలం కెర్నల్ బయటి దిద్దుబాట్లతో నెట్టుకొచ్చిన తరువాత, 2004లో జూలియన్ అనస్తాసోవ్ కృషితో 'ఏఆర్‌పీ ఇగ్నోర్', 'ఏఆర్‌పీ అనౌన్స్' అన్న రెండు అమరికలు కెర్నల్‌లోకి వచ్చాయి. వాటి సహజ విలువ మాత్రం నేటికీ సున్నాయే. పాత స్వభావం మీద ఆధారపడినవారు ఎందరో ఉంటారు కాబట్టి దానిని మార్చే సాహసం ఎవరూ చేయలేదని భావించవచ్చు.

6. స్థితివాచకాలు:

లినక్స్ పట్టికలో ప్రతి నమోదు పక్కన ఒక స్థితి ఉంటుంది. ఈ పదజాలం ఏఆర్‌పీది కాదు. 1996లో ఐపీ ఆరవ సంచికకు రూపొందిన పొరుగు అన్వేషణ పద్ధతి నుండి వచ్చింది. పేద్రో రోక్, అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసిన కెర్నల్ భాగం పాత, కొత్త పద్ధతులు రెండింటికీ ఒకే యంత్రాంగాన్ని ఏర్పరచింది. ఆ విధంగా 1982 నాటి పద్ధతిని 1996 నాటి భాషలో చదవవలసి వచ్చింది. పూర్వకవిని ఉత్తరకాలపు అలంకారశాస్త్రంతో వ్యాఖ్యానించడం మనకు కొత్త కాదు గనుక ఇందులో ఉండే చిక్కు మనకు తెలిసిందే.

'స్టేల్' అన్న స్థితి ఇందుకు మంచి నిదర్శనం. పాచిపోయినదన్న వాచ్యార్థాన్ని బట్టి దానిని దోషంగా చదువుతారు. ఇటీవల నిర్ధారణ కాలేదని మాత్రమే దాని అర్థం. ఒక నమోదు చేరదగినదిగా నిలిచేది సుమారు 15 నుండి 45 సెకన్లు. తరువాత అది స్టేల్ అవుతుంది. మళ్లీ పని పడితే దానినే వాడి, కొద్ది సెకన్లలో నిర్ధారణ రాకపోతే ఆ యంత్రాన్ని తిరిగి అడుగుతారు. నమోదులు 128 లోపు ఉంటే, ఎప్పుడో తీసుకుపోయిన యంత్రం పేరు కూడా రోజుల తరబడి అలాగే ఉండవచ్చు. 'ఇన్‌కంప్లీట్' అంటే అడిగారు, జవాబు ఇంకా రాలేదు. 00:00:00:00:00:00 అన్న మాక్ అడ్రస్ ఏ యంత్రానిదీ కాదు. తాళపత్రంలో లేఖకుడు అక్షరం దొరకక విడిచిన ఖాళీ వంటిది. ఇటువంటివి వరుస సంఖ్యల్లో పదుల కొద్దీ ఉంటే ఆ సర్వర్ నుండే ఏదో ప్రోగ్రాం నెట్‌వర్క్‌ను వరుసగా తడుముతోందని గ్రహించాలి. దొంగ అక్కడ ఉంటే ఇంటిలోపలే ఉన్నాడు.

7. నమ్మకం, సాక్ష్యం:

ఏఆర్‌పీలో జవాబిచ్చినవాడు నిజం చెబుతున్నాడో లేదో తేల్చే ఏర్పాటు లేదు. దీనిని రూపకర్తల అమాయకత్వంగా చిత్రించడం సాంకేతిక గ్రంథాల్లో అలవాటైంది. ఇది కాలవిరుద్ధమైన విమర్శ. ఒకే తీగను అందరూ పంచుకున్న 1982లో పక్కవాడి సందేశాలు వినడానికి ఎవరినీ మోసగించనవసరం లేదు, అవి ఎలాగూ వినపడతాయి. స్టీవెన్ బెలోవిన్ 1989లో టీసీపీ-ఐపీ భద్రతాలోపాలపై రాసిన పత్రంలో స్థానిక నెట్‌వర్క్ దుర్బలతను ప్రస్తావించాడు. ప్రతి యంత్రానికీ విడిగా తీగనిచ్చే స్విచ్‌లు 1990లలో వ్యాపించాకనే ఇతరుల మాటలు వినడానికి పట్టికను చెరపడం అవసరమైంది. 2000 నాటికి డగ్ సాంగ్ 'డీస్నిఫ్' పరికరాల పెట్టెలోని ఒక చిన్న ప్రోగ్రాం ఆ పనిని ఎవరైనా చేయగలిగేటట్టు చేసింది. పైన చెప్పిన దిద్దుబాటు నియమమే దానికి ఆధారం.

అయితే ఆ దారిని పూర్తిగా మూసివేయడమూ కుదరదు. జంట సర్వర్లలో ఒకటి ఆగిపోతే రెండోది దాని ఐపీ అడ్రస్‌ను స్వీకరించి, ఎవరూ అడగకుండానే తన మాక్ అడ్రస్‌ను ప్రకటిస్తుంది. అందరి పట్టికలూ దిద్దుకుంటాయి, పాఠకునికి అంతరాయం తెలియదు. రక్షకుడు పంపే ఈ సందేశానికి, వంచకుడు పంపే సందేశానికి రూపంలో భేదం లేదు.

కాబట్టి పట్టిక తన నిజానిజాలకు తాను సాక్ష్యం కాలేదు. బయటి ఆధారం కావాలి. మాక్ అడ్రస్‌లోని మొదటి మూడు బైట్లు తయారీదారును సూచిస్తాయి. 00:50:56తో మొదలైతే వీఎంవేర్, 52:54:00తో మొదలైతే కేవీఎం కల్పిత యంత్రాలు కావచ్చు. డాకర్ చాలాకాలం పాటు 02:42 తరువాత నాలుగు బైట్లలో ఐపీ అడ్రస్‌నే రాస్తూ వచ్చింది. డెక్‌నెట్ ఉపాయం మూడు దశాబ్దాల తరువాత తలకిందులైన పట్టికలో మళ్లీ కనిపించడం విశేషం. అయితే పుట్టుమచ్చను మార్చుకోవచ్చు గనుక ఇదీ తుదిసాక్ష్యం కాదు. ఆ మాక్ అడ్రస్ స్విచ్‌లో ఏ రంధ్రం గుండా వస్తోందో స్విచ్ చెబుతుంది. ఆ రంధ్రం నుండి తీగ ఏ గదికి పోతుందో, ఆ గదిలో ఏ యంత్రం ఎప్పుడు పెట్టారో చెప్పవలసింది మాత్రం కార్యాలయంలోని స్టాకు రిజిస్టరు.